పెట్టెలో పొదిగిన ప్రాణం

మన పూర్వులు ప్రాణికోటిని జరాయుజాలు, అండజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అని నాలుగు తెగలుగా విభజించారు. మావిలో పెరిగి పుట్టేవి జరాయుజాలు. గుడ్డును చీల్చుకొని పుట్టేవి అండజాలు. చెమట వల్ల, చెమ్మ వల్ల పుడతాయని ఆనాడు భావించిన పేలు, నల్లులు మొదలైనవి స్వేదజాలు. నేలను చీల్చుకొని వచ్చే చెట్టుచేమలు ఉద్భిజ్జాలు. ఈ నాలుగింటిలో అండజానికి ఒక ప్రత్యేక గౌరవం దక్కింది. అది మొదట గుడ్డుగా పుడుతుంది, పిమ్మట గుడ్డు నుండి పుడుతుంది. అందుచేత దానికి ద్విజమని పేరు. అమరకోశం ఈ ద్విజశబ్దాన్ని దంతాలకు, విప్రులకు, అండజాలకు సమానంగా చెప్పింది. అండజమనగానే మన మనస్సుకు పక్షి స్ఫురిస్తుంది కాని, గోడమీది బల్లికి కూడా ఆ మాటలో చోటున్నది.

అయితే తెలుగువారి ఇళ్లలో బల్లికి లభించిన గౌరవం వేరు రకమైనది. అది మీద పడితే ఏ అవయవం మీద పడిందో చూసి, పంచాంగంలో గౌళిపాటు ఫలితం వెదుకుతాం. ఎవరైనా మాట్లాడుతున్నప్పుడు అది పలికితే ఆ మాట సత్యమని నమ్ముతాం. కంచి వరదరాజస్వామి ఆలయంలో బంగారు బల్లిని తాకి వచ్చినవారిని తాకితే బల్లి దోషం పోతుందని మన పెద్దల విశ్వాసం. భయం ఉన్నది, భక్తి ఉన్నది. పెంచుకోవాలనే ప్రేమ మాత్రం మనకు ఎన్నడూ కలుగలేదు.

అమెరికాలోను, ఐరోపా దేశాలలోను పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ కుక్కను, పిల్లిని పెంచినట్లే బల్లులను పెంచేవారున్నారు. కేవలం పెంచడమే కాదు, ఇంటిలో ఒక చిన్న గది కేటాయించి, జతకట్టించి, గుడ్లు సేకరించి, పెట్టెలో పొదిగించి పిల్లలను తీసేవారు కూడా ఉన్నారు. వారి చేతిలో ఎక్కువగా పెరిగే జాతి లెపర్డ్ గెకో. పసుపు రంగు దేహం మీద నల్లని మచ్చలుండడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. మనం చిరుతబల్లి అనుకోవచ్చు.

చిరుతబల్లి పాశ్చాత్య దేశాలది కాదు. అఫ్గానిస్థాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశాలలోని రాళ్లు, గడ్డి కలసిన పొడినేలలు దాని పుట్టిల్లు. 1854లో ఎడ్వర్డ్ బ్లిత్ అనే శాస్త్రవేత్త దానిని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. ఆయన కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలకు పర్యవేక్షకుడు. కనుక ఈ బల్లికి నామకరణం జరిగింది మన దేశంలోనే. దాని ప్రజాతి పేరు యూబ్లెఫారిస్. గ్రీకు భాషలో ‘యూ’ అంటే మంచి, ‘బ్లెఫారాన్’ అంటే కనురెప్ప. ఈ ‘యూ’ సంస్కృతంలోని ‘సు’ అనే ఉపసర్గకు సోదరపదం. ఇంటి బల్లికి కదిలే కనురెప్పలు లేవు. దేవతలను మనం అనిమిషులంటాం కదా, ఆ లెక్కన మన గోడమీది బల్లి కూడా అనిమిషమే. అది కంటిని మూయలేదు కనుక నాలుకతో తుడుచుకుంటుంది. చిరుతబల్లి మాత్రం రెప్ప వాలుస్తుంది, కళ్లు మూసుకొని నిద్రిస్తుంది. దాని కాలివేళ్లకు అంటుకొనే పొరలు లేవు. అందువల్ల గోడలు ఎక్కదు, నేలమీదనే నడుస్తుంది. ఎనిమిది నుండి పది అంగుళాల పొడవు, కొవ్వు నిలువచేసుకొనే లావైన తోక, నెమ్మదైన స్వభావం కలిగిన ఈ ప్రాణి గృహజీవనానికి సులభంగా అలవాటుపడింది. దీని దగ్గరి చుట్టం ఒకటి ఒడిశా నుండి ఉత్తరాంధ్ర వరకు తూర్పు కనుమల అడవులలో నివసిస్తున్నది.

జత కట్టించడం తేలిక, జతకు సిద్ధం చేయడం కష్టం. ఆడబల్లికి కనీసం ఒక సంవత్సరం వయస్సు, 45 నుండి 50 గ్రాముల బరువు ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. గుడ్డు పెంకుకు కావలసిన సున్నం తల్లి ఆహారం నుండి రావాలి. ఆహారంలో చాలకపోతే ఎముకల నుండి వస్తుంది. అందుకే బల్లికి మేతగా వేసే ఇలకోళ్ల మీద, పిండిపురుగుల మీద కాల్షియం పొడి, విటమిన్ డి3 చల్లుతారు. ఈ జాగ్రత్త తీసుకోని ఇంటిలో తల్లి ఎముకలు మెత్తబడి, దవడ వంగి, కాళ్లు వణుకుతూ కనిపిస్తుంది. బరువు చూడకుండా, తోక లావు చూడకుండా, పిల్లల కోసం తొందరపడి చిన్నదానిని జతకు విడిచినవాడు ఆ ఎముకలతో వ్యాపారం చేసినవాడే.

మగబల్లిని గుర్తించడానికి తోక మొదట చూడాలి. అక్కడ రెండు ఉబ్బులు, వాటికి కొంచెం పైన గుడిసె కప్పు ఆకారంలో వరుస తీరిన రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. రెండు మగబల్లులను ఒకే పెట్టెలో ఉంచితే రక్తం కారేదాకా పోరాడుతాయి. ఒక మగదానితో ఒకటికి మించిన ఆడవాటిని ఉంచవచ్చు. చలికాలం చివర వాతావరణం వేడెక్కడం మొదలైనప్పుడు జతకట్టే కాలం ఆరంభమై, కొన్ని నెలలు సాగుతుంది. గర్భం ధరించిన ఆడబల్లి పొట్ట చర్మం పలుచన కావడం వల్ల, లోపలి రెండు గుడ్లు ఇరుపక్కల తెల్లగా కనిపిస్తాయి. ఒక్కొక్క ఈతకు రెండే గుడ్లు. అటువంటి ఈతలు మూడు వారాలకొకటి చొప్పున ఒక కాలంలో నాలుగైదు వస్తాయి, ఆ పైన కూడా రావచ్చు.

గుడ్లు పెట్టడానికి తల్లి తడినేలను వెదుకుతుంది. మూతగల చిన్న ప్లాస్టిక్ డబ్బాకు ఒక పక్క రంధ్రం చేసి, లోపల తడిపిన నాచుగాని, కొబ్బరిపీచు పొట్టుగాని నింపి పెట్టాలి. తల్లి దానిలో దూరి, ముందుకాళ్లతో తవ్వి, గుడ్లు పెట్టి, మళ్లీ పూడ్చి బయటకు వస్తుంది. ఇక ఆ గుడ్లతో దానికి సంబంధం లేదు. కోడి వలె పొదగదు, కాపలా ఉండదు. తడి డబ్బా లేనప్పుడు పొడి ఇసుక మీద పెట్టిన గుడ్లు కొన్ని గంటలలోనే సొట్టపడి ఎండిపోతాయి. కనుక ఈ కాలంలో ప్రతి ఉదయం డబ్బా తెరిచి చూడడం యజమాని దినచర్య.

ఇక్కడ గుడ్డు స్వభావాన్ని గురించి కొంత విస్తరించి చెప్పుకోవాలి. మన ఇంటి బల్లి గుడ్డు చిన్నది, గుండ్రనిది, సుద్దముక్క వలె గట్టి పెంకుగలది. అది గోడ సందులో, తలుపు వెనుక, పుస్తకాల అరలో పొడి చోట ఉండి కూడా పిల్ల అవుతుంది. లోపలి నీటిని ఆ పెంకు భద్రంగా పట్టి ఉంచుతుంది. చిరుతబల్లి గుడ్డు అటువంటిది కాదు. అంగుళం పొడవున, కోలగా, తడిపిన తోలు వలె మెత్తగా ఉంటుంది. దాని పెంకు నుండి నీరు బయటకూ పోతుంది, లోపలికీ వస్తుంది. చుట్టూ తేమ ఉంటే పీల్చుకొని రోజురోజుకూ బరువు పెరుగుతుంది. తేమ తగ్గితే ముడతలు పడుతుంది. మరీ ఎక్కువైతే బూజు పట్టి కుళ్లుతుంది. ఒకే జాతి పేరుతో మనం పిలిచే రెండు ప్రాణులలో ఒకటి తన నీటిపాత్రను తాను మోసుకొని వస్తే, రెండవది భూమిని నమ్ముకొని వస్తున్నది. ఇంటిలో పొదిగించే విద్య అంతా ఈ రెండవ గుడ్డుకు భూమి ఇచ్చే నమ్మకాన్ని ఒక డబ్బాలో కల్పించడమే.

గుడ్డును తీసేటప్పుడు పాటించవలసిన నియమం ఒకటున్నది. అది ఏ వైపు పైకి ఉన్నదో ఆ వైపే పైకి ఉండేటట్లు తీయాలి, అలాగే ఉంచాలి. పెన్సిలుతో పైభాగాన చిన్న గుర్తు పెట్టుకోవడం మంచిది. కోడిగుడ్డు విషయంలో మనం విన్నది దీనికి సరిగా వ్యతిరేకం. కోడి తన గుడ్లను దినానికి అనేకసార్లు తిప్పుతుంది, తిప్పకపోతే పిండం పెంకుకు అంటుకొని చనిపోతుంది. కోడిగుడ్డులో పచ్చసొనను ఇరుచివరలా పట్టి ఉంచే తెల్లని తాళ్లున్నాయి, కనుక గుడ్డు తిరిగినా పిండం పైకే ఉంటుంది. బల్లి గుడ్డులో ఆ తాళ్లు లేవు. పెట్టిన కొద్దికాలానికే పిండం పైభాగాన పొరకు అతుక్కొని నిలుస్తుంది. అప్పుడు తలక్రిందులు చేస్తే పచ్చసొన బరువు దానిమీద పడి, అతుకు తెగి, పిండం నశించవచ్చు. కోళ్ల పెంపకంలో చేయి తిరిగినవారు బల్లి గుడ్లను పాడుచేయడానికి ఇదే కారణం. ఒక అండజానికి చెల్లిన నియమం మరొక అండజానికి చెల్లదు.

గుడ్డులో ప్రాణమున్నదో లేదో తెలుసుకోవడానికి చీకటి గదిలో చిన్న టార్చిలైటును గుడ్డుకు దగ్గరగా పట్టాలి. ఫలదీకరణం చెందిన గుడ్డులో వారం పది రోజులకు గులాబీ రంగు వలయం, ఆ పిమ్మట ఎర్రని నరాల అల్లిక కనిపిస్తాయి. ఫలించని గుడ్డు లోపల అంతటా ఒకే పసుపు రంగు. అయినా అనుమానం తీరే వరకు దానిని పారవేయకూడదు.

గుడ్లను ఉంచే పదార్థంగా వర్మిక్యులైట్ వాడుకలో ఉన్నది. ఇది అభ్రకానికి దగ్గరి ఖనిజం. మన నెల్లూరు జిల్లా అభ్రకపు గనుల ప్రాంతంలోను లభిస్తుంది. వేడిచేస్తే పొరలు విడివడి పురుగు వలె మెలికలు తిరుగుతూ సాగుతుంది. లాటిన్‌లో చిన్న పురుగును సూచించే పదం నుండి దీనికి ఆ పేరు వచ్చింది. వంద గ్రాముల వర్మిక్యులైట్‌కు 80 నుండి 100 గ్రాముల నీరు కలుపుతారు. తూకం లేనివారికి చేతి పరీక్ష చాలు. పిడికిట పట్టి పిండితే చుక్క జారకూడదు, విప్పితే ముద్ద విడిపోకూడదు. డబ్బాలో రెండంగుళాల మందాన దీనిని పరచి, బొటనవేలితో చిన్న గుంతలు చేసి, గుడ్లను సగం మునిగేటట్లు ఉంచి, మూతకు ఒకటి రెండు సన్నని రంధ్రాలు చేస్తే గుడ్లకు శయ్య సిద్ధమైనట్లే. ఆ డబ్బాను ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. కొనే స్తోమత లేనివారు థర్మోకోల్ పెట్టెలో వేడినిచ్చే తీగగాని, చేపల తొట్టిలో వాడే నీటి హీటరుగాని అమర్చి, థర్మోస్టాట్ కలిపి తామే తయారుచేసుకుంటారు. పెట్టె ఖరీదుతో పని లేదు. ఉష్ణోగ్రత నిలకడగా ఉండడమే ముఖ్యం. దానికి జత చేసే ఉష్ణమాపకం మాత్రం మంచిది కొనాలి. హీటరు తప్పు చేస్తే ఉష్ణమాపకం చెబుతుంది. ఉష్ణమాపకమే తప్పయితే చెప్పేవారు లేరు.

ఉష్ణోగ్రతను ఎంతలో నిలపాలనే ప్రశ్న దగ్గర ఈ విద్య కేవలం పెంపకం స్థాయిని దాటిపోతుంది. మనుషులలో శిశువు ఆడో మగో గర్భధారణ క్షణంలోనే క్రోమోజోములు నిర్ణయిస్తాయి. చిరుతబల్లిలో ఆ నిర్ణయం తల్లి గర్భంలో జరగదు. గుడ్డు బయటకు వచ్చిన తరువాత, అది గడిపిన వేడిమి నిర్ణయిస్తుంది. సుమారు 26 డిగ్రీల సెల్సియస్ వద్ద పొదిగిన గుడ్ల నుండి దాదాపు అన్నీ ఆడపిల్లలే వస్తాయి. 30 డిగ్రీల వద్ద ఆడవి ఎక్కువ, మగవి తక్కువ. 32.5 డిగ్రీల వద్ద మగవి నాలుగింట మూడు వంతులు. వేడి పెంచినకొద్దీ మగవి పెరుగుతూ పోతాయని ఇక్కడ మనం ఊహిస్తాం. ఆ ఊహను ప్రకృతి సాగనివ్వదు. 34 డిగ్రీలకు చేరేసరికి తిరిగి ఆడవే ఎక్కువగా పుడతాయి. ఆ పైన ఇంకొక డిగ్రీ పెంచితే పిండం ప్రాణానికే ముప్పు. గుడ్డు పెట్టిన మొదటి కొన్ని వారాలలోనే ఈ నిర్ణయం జరిగిపోతుంది. ఆ తరువాత వేడిని ఎంత మార్చినా ఆడది మగది కాదు.

బల్లిజాతులలో ఇటువంటి సంగతి ఉన్నదని మొదట గమనించినది ఫ్రెంచి శాస్త్రవేత్త్రి మదలేన్ షార్నియే. 1966లో సెనెగల్ రాజధాని డకార్‌లో ఆమె ఒక ఆఫ్రికా తొండ జాతి గుడ్లను వేర్వేరు ఉష్ణోగ్రతలలో ఉంచి చూసింది. ఉష్ణోగ్రతను బట్టి ఆడ మగ నిష్పత్తి మారింది. ఆ చిన్న వ్యాసాన్ని లోకం చాలాకాలం పట్టించుకోలేదు. తరువాత తాబేళ్లలో, మొసళ్లలో అదే ధర్మం బయటపడింది. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్, ఆయన సహచరులు చిరుతబల్లి మీద ఏళ్ల తరబడి పరిశోధించి మరొక విషయం వెల్లడించారు. పొదిగిన వేడి లింగాన్నే కాదు, స్వభావాన్ని కూడా తీర్చిదిద్దుతుంది. మగవి ఎక్కువగా పుట్టే ఉష్ణోగ్రతలో పుట్టిన ఆడబల్లి, చల్లని చోట పుట్టిన తన అక్కకంటె కలహశీలంగా ఉంటుంది. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఈత. తేడా అంతా డబ్బా పెట్టిన అరలో ఉన్నది.

ఇది విన్నప్పుడు విద్యార్థికి రెండు ఆలోచనలు కలగాలి. మొదటిది, థర్మోస్టాట్ మీట మీద ఉన్న వేలు ఎంతటి అధికారాన్ని వహిస్తున్నదో గ్రహించడం. ఇంటిలో పెంచేవారు సాధారణంగా ఆడవాటినే కోరుకుంటారు. ఒక మగదానికి అనేకం ఆడవి చాలు కనుక మగ పిల్లలకు గిరాకీ తక్కువ. అందువల్ల మీటను తక్కువలో నిలుపుతారు. ఆడపిల్లను గర్భంలోనే వద్దనుకునే మన సమాజంలో ఈ మాట చదవడం కొంత విచిత్రంగా ఉంటుంది. అయితే కోరిక దిశ మారినంత మాత్రాన దాని స్వభావం మారదు. రెండవ ఆలోచన అడవికి సంబంధించినది. పెట్టెకు థర్మోస్టాట్ ఉన్నది, నేలకు లేదు. శ్రీకాకుళం నుండి దక్షిణంగా మన సముద్రతీరాన ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు కూడా ఈ ధర్మమే వర్తిస్తుంది. వాటిలో ఇసుక వేడెక్కినకొద్దీ ఆడవి ఎక్కువవుతాయి. ఆస్ట్రేలియాలోని గడ్డపు డ్రాగన్ అనే తొండలో క్రోమోజోముల నిర్ణయం ఉన్నప్పటికీ, 32 డిగ్రీలు దాటిన గుడ్లలో మగ క్రోమోజోములు గలవి ఆడవిగా పుడుతున్నాయని 2015లో కాన్‌బెర్రా విశ్వవిద్యాలయ పరిశోధకులు అడవిలోని తొండలలోనే చూపించారు. భూతాపాన్ని గురించిన చర్చలో బల్లి గుడ్డుకు చోటు దొరికింది ఇందువల్లనే.

పొదిగే కాలం కూడా వేడిని బట్టి మారుతుంది. 26 డిగ్రీల వద్ద రెండు నెలలు పట్టవచ్చు. 32 డిగ్రీల వద్ద 40 రోజులకు అటూ ఇటూగా ముగుస్తుంది. ఈ నిరీక్షణలో ఓర్పు కోల్పోయినవారి కథ మనకు కొత్త కాదు. మహాభారతం ఆదిపర్వంలో కద్రువ, వినత అనే సవతులు గుడ్లు పెట్టారు. ఆ గుడ్లను పరిచారికలు వెచ్చని, చెమ్మగల భాండాలలో ఉంచి ఐదువందల ఏండ్లు కాపాడినట్లు సంస్కృత మూలం చెబుతున్నది. వేడి, చెమ్మ, పాత్ర అనే మూడు అంగాలు ఆ పొదుగులో ఉన్నాయని గమనించండి. కద్రువ గుడ్లు చిట్లి నాగులు పుట్టారు. వినత గుడ్లు చిట్లలేదు. ఆమె ఈర్ష్యతో, ఆతురతతో ఒక గుడ్డును పగులగొట్టింది. పై సగం ఏర్పడి తొడలు ఏర్పడని అనూరుడు బయటకు వచ్చాడు, తల్లికి దాస్యం ప్రాప్తించునట్లు శపించాడు, అనంతరం సూర్యునికి సారథి అయినాడు. రెండవ గుడ్డును ఇంకొక ఐదువందల ఏండ్లు కదపవద్దని చెప్పినవాడు కూడా ఆ అసంపూర్ణ శిశువే. దాని నుండి గరుత్మంతుడు పుట్టాడు. బల్లులను పొదిగించేవారు కూడా గడువు దాటిన గుడ్డును కత్తెరతో తెరిచి చూడాలనే కోరికకు తరచు లోబడుతారు. లోపల పచ్చసొన ఇంకా పొట్టలోనికి చేరని పిల్ల కనిపిస్తుంది. దానికి సారథ్యం ఇచ్చే సూర్యుడెవరూ లేరు.

సమయం వచ్చినప్పుడు గుడ్డు తానే చెబుతుంది. బిగువుగా ఉన్న పెంకు మీద చెమట బిందువులు పుట్టి, గుడ్డు సొట్టపడుతుంది. కొత్తవారు ఈ దశలో పాడైందని భయపడి తీసివేస్తారు. ఒకటి రెండు రోజులలో పెంకు మీద సన్నని కోతలు పడతాయి. ఆ కోతలు పిల్ల పెట్టినవి. పాములకు, తక్కిన బల్లిజాతులలో చాలావాటికి పెంకు చీల్చడానికి పై దవడ చివర ఒకే గుడ్డుపన్ను ఉంటుంది. గెకోలకు రెండున్నాయి. పుట్టిన తరువాత అవి రాలిపోతాయి. ద్విజశబ్దానికి దంతమని, అండజమని రెండర్థాలున్నాయని ఆరంభంలో చెప్పుకున్నాం. రెండు పళ్లతో గుడ్డును కోసుకొని పుట్టే ఈ ప్రాణి ఆ రెండర్థాలకూ ఒకేసారి సరిపోతుంది. కోశకారుడు దీనిని చూసి ఉండడు కాని, చూసి ఉంటే సంతోషించేవాడు. తల బయటపెట్టిన పిల్ల కొన్ని గంటలు అలాగే ఊపిరి పీలుస్తూ ఉండిపోతుంది. లాగకూడదు.

కొత్తగా పుట్టిన పిల్ల మూడంగుళాల పొడవు, మూడు గ్రాముల బరువు ఉంటుంది. పెద్దవాటికి మచ్చలుంటాయి, పిల్లలకు నల్లని, పసుపు పచ్చని అడ్డ పట్టీలుంటాయి. పెరిగేకొద్దీ ఆ పట్టీలు చెదిరి మచ్చలవుతాయి. మూడు నాలుగు రోజులకు మొదటి కుబుసం విడిచి, దానిని తానే తింటుంది. ఆ తరువాతే మేత ముట్టుకుంటుంది. దాని తల వెడల్పును మించని ఇలకోడి పిల్లలను వేయాలి. ఒక్కొక్క పిల్లను ఒక్కొక్క డబ్బాలో పెంచడం ఉత్తమం, ఆకలివేసిన పిల్లలు ఒకదాని తోక మరొకటి కొరుకుతాయి. తోక ఊడినా మళ్లీ వస్తుంది, మునుపటి రూపం రాదు. బల్లిని తాకిన చేతులను సబ్బుతో కడుక్కోవాలి, సాల్మొనెల్లా సూక్ష్మజీవి వాటి చర్మం మీద ఉండవచ్చు.

రంగుల సంగతి వేరుగా చెప్పాలి. పెట్టెలలో పుట్టిన లక్షలాది పిల్లలలో అప్పుడప్పుడు వింత రంగులవి కనిపించాయి. వాటిని ఏరి, మెండెల్ సూత్రాల ప్రకారం జతకట్టించి తెల్లనివి, నారింజ రంగువి, మచ్చలు లేనివి సృష్టించారు. నల్లవర్ణం లేని బల్లులే మూడు వేర్వేరు వంశాలుగా ఉన్నాయి. ఒక వంశాన్ని మరొక వంశంతో కలిపితే మామూలు రంగు పిల్లలు పుడతాయి, ఎందుకంటే లోపించిన జన్యువు ఒక్కొక్కదానిలో ఒక్కొక్కటి. అంతవరకు ఇది ముచ్చటైన శాస్త్రమే. కాని ‘లెమన్ ఫ్రాస్ట్’ అనే నిమ్మపండు రంగు బల్లి కథ వినాలి. మిలమిలలాడే ఆ రంగుకు మార్కెట్లో గొప్ప ధర పలికింది. కొంతకాలానికి వాటి చర్మం మీద తెల్లని గడ్డలు లేచాయి. ఆ రంగు గలవాటిలో నూటికి 80కి పైగా ఇట్లా గడ్డల పాలవుతున్నాయని తేలింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలస్ శాఖ పరిశోధకులు 2021లో దాని మూలాన్ని ప్రకటించారు. ‘స్పింట్ 1’ అనే ఒక జన్యువులో మార్పు వల్ల రంగు కణాలు హద్దులేకుండా పెరుగుతున్నాయి. అందమని కొన్నది క్యాన్సరే. ఆ జన్యువు మనుషులలోని చర్మ క్యాన్సర్ అధ్యయనానికి ఉపయోగపడవచ్చునని వైద్యులు ఆశిస్తున్నారు. ‘ఎనిగ్మా’ అనే మరొక రకం తల ఆకాశానికెత్తి, గిరగిరా తిరుగుతూ, మేతను గురిచూసి పట్టలేక బాధపడుతుంది. లోపం తెలిసిన తరువాత కూడా వాటిని జతకట్టించి అమ్మేవారున్నారు. ఈ వ్యాస రచయిత దృష్టిలో దానిని అభిరుచి అనడానికి మాట రాదు.

అమ్మకపోతే ఏమవుతుందో కూడా లెక్కవేయండి. ఒక ఆడబల్లి సంవత్సరానికి ఐదు ఈతలు పెడితే పది గుడ్లు. అందులో ఎనిమిది పొదిగితే ఎనిమిది పిల్లలు. మూడు ఆడబల్లులున్న ఇంట ఒక్క వేసవిలో 24. ప్రతిదానికి వేరు పెట్టె, వేరు వెచ్చదనం, వేరు మేత. చిరుతబల్లి ఇంటిలో 15 నుండి 20 సంవత్సరాలు జీవిస్తుంది. అంటే మీ వయస్సులో పొదిగించిన పిల్ల, మీకు 35 ఏళ్లు వచ్చేవరకు ప్రతి రెండు రోజులకు ఇలకోడిని అడుగుతుంది. అమెరికాలో జంతు సంరక్షణ శాలలకు చేరే బల్లులలో కాలేజీకి వెళ్లిపోయిన పిల్లలు వదిలివెళ్లినవి ఉంటాయి. అందుకే వివేకం గల పెంపకందారులు పిల్లలను ఎవరికివ్వాలో నిర్ణయమైన తరువాతే జతకట్టిస్తారు. ఎక్కువైన గుడ్లను పెట్టిన రోజునే శీతల పెట్టెలో ఉంచి, పిండం ఎదగకముందే ఆపివేస్తారు.

మన దేశంలో ఈ విద్యకు చట్టపు హద్దులున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును మొదటి షెడ్యూలులో చేర్చింది. అంటే పులికి ఉన్న రక్షణే దానికీ ఉన్నది. అడవిలోని బల్లిని పట్టి తెచ్చి పెట్టెలో పెట్టి అభిరుచి అంటే చెల్లదు. 2022లో సవరించిన చట్టం, అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలలోని విదేశీ జంతువులను పెంచేవారు వాటి వివరాలను ప్రభుత్వానికి తెలిపి నమోదు చేసుకోవాలని ఆదేశించింది. ఈశాన్య రాష్ట్రాలలో టోకే అనే పెద్ద బల్లిని మందుల పేరిట పట్టి దేశాలు దాటించే వ్యాపారం సాగడం వల్ల, 2019లో దానిని కూడా ఆ జాబితాలో చేర్చవలసివచ్చింది.

ఇక చూడదలచినవారికి మన గడ్డ మీదనే ఒక బల్లి ఉన్నది. తిరుపతి కొండలలో దొరికిన ఆ బంగారు బల్లిని 1870లో బెడ్డోమ్ అనే సైనికాధికారి వర్ణించాడు. పిమ్మట వంద సంవత్సరాలకు పైగా అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 1980ల దశకంలో తిరిగి కనిపించింది. జతకట్టే కాలంలో మగబల్లి మేలిమి పసుపు రంగుతో మెరుస్తుంది. నీటి ఊటల దగ్గర, చల్లని బండల నీడలలో నివసిస్తుంది. అనేక ఆడబల్లులు ఒకే రాతిచరియను ఎంచుకొని, తమ గట్టి పెంకు గుడ్లను బండకు అతికించి పోతాయి. ఒకచోట పదుల కొలది గుడ్లు, వాటి పక్కన నిరుటి పెంకుల తెల్లని గుర్తులు, రాతి మీద వరుసగా కనిపిస్తాయి. ఆ బండకు మీట లేదు. పగటి ఎండను మెల్లగా లోనికి తీసుకొని, రాత్రి మెల్లగా విడిచిపెడుతుంది.